లార్డ్ విక్టర్ బిలప్రవేశం

"రక్తంలో వేట ఉన్న ప్రాణికి శిక్షణ ఇవ్వడమంటే అవమానించడమే!"

శంకర్ నగర్‌లోని తన ఇంటి వరండాలో నిలబడి సూరిబాబు గారు చేసిన ఈ ప్రకటనకు కాలనీ పెద్దలంతా చప్పట్లు కొట్టారు. రైల్వే పాఠశాలలో ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన పరదేశి మాస్టారు మాత్రం కొట్టలేదు. రుజువు లేనిదే ఆయన చేతులు కలవవు.

విషయమేమంటే, సూరిబాబు గారు రెండు నెలల కిందట ఒక టెరియర్‌ను కొన్నారు. నేల కింది బొరియల్లో దూరి ఎలుకలను పసిగట్టే జాతి అది. పేరు లార్డ్ విక్టర్. దాని కోసం పెరట్లో ముప్ఫై అడుగుల కందకం తవ్వించి, పైన చెక్కలు కప్పించి, రెండు మలుపుల సొరంగం తయారుచేయించారు. కొసన ఇనుప పంజరంలో ఒక ఎలుక ఉంటుంది. తిండికీ నీళ్లకూ లోటు లేదు, ప్రాణానికి భయం లేదు. విక్టర్ చీకట్లో దాని దాకా వెళ్లి మొరిగితే గెలిచినట్టు. గెలిస్తే, కొత్తగా వెలయబోతున్న రాయపూర్ కులీన శునక సంఘానికి సూరిబాబు గారే అధ్యక్షులు! పరదేశి న్యాయనిర్ణేత.

"నేను పుస్తకం తిరగేశానండీ," అన్నారు మాస్టారు. "మొదట పొట్టి సొరంగం ఉండాలి. అవతలి వెలుతురు కనపడాలి. మలుపులూ చీకటీ ఆ తర్వాతే. తొందరపెడితే కుక్క జన్మలో దూరదు."

"అరే మాస్టారూ, అవన్నీ గల్లీ కుక్కలకండీ! ఇది ఖాందానీ, గొప్ప వంశం. నేనూ ఖాందానీయే. ఇంక ట్రైనింగ్ వైనింగ్ దేనికి? గెలిచాక మీరిచ్చే సర్టిఫికెట్‌లో 'యజమాని వంశం' అని గడి ఉంది చూశారా? అది ఇప్పుడే నింపేయండి. పులి వేటగాళ్లు!"

సాక్ష్యం హాల్లో గోడకు వేలాడుతోంది. కోరమీసాలతో సూరిబాబు గారి తండ్రి పులి వీపు మీద కాలు మోపి నిలబడిన ఫొటో. ఆ పులి పొట్ట పొడవునా కుట్లున్నట్టు పరదేశి ఏనాడో గమనించారు. అయినా మొహమాటం శాస్త్రాన్ని గెలిచింది. పెన్ను తీసి, గడిలో 'పులి వేటగాళ్లు' అని నింపారు.

ఆదివారం ఉదయం పెరడు నిండింది. అధ్యక్షుణ్ణి ప్రతిపాదించవలసిన బియ్యం మిల్లు యజమాని సాహూ ముందు వరుసలో కూర్చున్నారు. మెడలో బంతిపూల దండతో విక్టర్‌ను సొరంగం ముందు నిలబెట్టారు.

"గో విక్టర్, గో!"

విక్టర్ ఆ చీకటిని ఒకసారి వాసన చూసింది. వెనుదిరిగి పరుగున వెళ్లి, సూరిబాబు గారి తల్లి శేషమ్మ కూర్చున్న మంచం కింద దూరింది. మూడుసార్లు లాక్కొచ్చారు. మూడుసార్లూ దండతో సహా మంచం కిందికే!

"సూరిబాబు జీ, ఇస్కా ఖూన్ ఠండా హై క్యా?" అని, దీని రక్తం చల్లనిదా ఏమిటని అడిగారు సాహూ. పెరడంతా నవ్వింది.

సూరిబాబు గారి ముఖం కందగడ్డ అయింది. "నకిలీ సరుకు అంటగట్టారు నాకు! దీన్ని ఇప్పుడే ఆరంగ్ ఊరవతల రోడ్డు మీద వదిలేసి వస్తా. గాడీ నికాలో!" అంటూ కారు తాళాలు తీశారు.

మంచం మీది నుంచి శేషమ్మ లేచింది. "ఒరే సూరిగా, దాని జోలికెల్లకు. నా కాళ్ల కాడ పడుకునే కూన అది."

"అమ్మా, నువ్వు లోపలికెళ్లు."

"ఎల్తాను. అది దూరితే ఇంట్లో ఉంచుతావా?"

"దూరితే కదా!"

"మాస్టారూ, తవరు ఇన్నారు కదా. ఆ సెక్కలు కాసిన్ని ఎత్తండి బాబూ."

చెక్కలు లేచాయి. సొరంగంలోకి ఎండ పడింది. శేషమ్మ పంజరాన్ని ద్వారానికి నాలుగు మూరల దూరంలోకి తెప్పించింది. దాని కింద పరిచిన గోనెను లాగి, ఆ వాసన నేలకు అంటేలా లోపలి దాకా ఈడ్చింది. నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసింది. మంచం కింద నుంచి ముందు ఒక ముక్కు, తర్వాత ఒక చెవి, చివరికి లార్డ్ గారు మొత్తంగా వెలుపలికి వచ్చారు! సొరంగంలో దూరి ఎలుకను చూసి వచ్చినందుకు ఒక ఎండురొయ్య బహుమానం. పంజరం కాస్త వెనక్కి జరిగింది, రెండు చెక్కలు మూతపడ్డాయి. మళ్లీ గోనె, మళ్లీ రొయ్య. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చెక్కలన్నీ మూతపడ్డాయి, ముప్ఫై అడుగుల అవతల భూగర్భం నుంచి మొరుగుడు వినిపించింది. ఎలుక మాత్రం నిశ్చింతగా వడ్లు కొరుకుతోంది.

చప్పట్లు! ఈసారి పరదేశి కూడా కొట్టారు. "శేషమ్మ గారూ, పుస్తకంలో ఉన్నది అచ్చంగా ఇదే! ఎక్కడ నేర్చుకున్నారు?"

శేషమ్మ కొడుకు వైపు చూసింది. సూరిబాబు గారు వద్దన్నట్టు తల ఊపారు. ఆయన చేతిలో కారు తాళాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఆమె వాటిని లాక్కుని కొంగున ముడివేసుకుంది.

"సూరిగాడి నాన్న రైలు గోదాములో ఎలకలు పట్టే ఖలాసీ బాబూ. బస్తాల సందుల్లో దూరడానికి ఇలాటి కూనల్నే తయారుసేసీవోడు. గోనె లాగీదాన్ని నానే."

"మరి ఆ పులి?"

"మేళాలో ఫొటో కొట్టోడిది. లోపలంతా గడ్డే."

"అమ్మా! నా పరువు..."

"ఏటి పరువు? నిన్ను ఇంజినీరు సదివించినాయి ఆ ఎలకలేరా!"

సాహూ లేచి నిలబడి, నిజమైన భక్తితో చేతులు జోడించారు. "సూరిబాబు జీ, ఆప్ తో సచ్‌ముచ్ ఖాందానీ నిక్లే!" మీరు నిజంగానే వంశం ఉన్నవారని తేలిందంటూ, తన మిల్లులో ఎలుకలు మితిమీరాయనీ, రేపటి నుంచే దయచేయాలనీ ప్రార్థించారు. అధ్యక్ష పదవి మాట ఎత్తలేదు.

పరదేశి సర్టిఫికెట్ తీశారు. 'యజమాని వంశం' గడిలో పులి అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన ఎలుక అని రాసి, సంతకమూ తేదీ వేశారు.

ఆ వంశం పేరున ఒక పులి చచ్చిందంటే, అది ఆ పెన్ను పోటుకే.