మంత్రిగారు పోసిన కాఫీ

అందరికీ తెలిసిన విషయాలు ఇకమీదట అందరికీ తెలిసి తీరాలని సంస్కృతీ శాఖ మంత్రి డాక్టర్ మిథ్ఖాల్‌గారు రాజధాని అమ్మాన్‌లో ప్రకటించారు. ప్రకటనకు అర్థం తేల్చడానికి కమిటీ వేశారంటే అదెంత గొప్పదో ఊహించుకోండి.

ఈ పథకానికి మొదట కరక్ పట్నం దగ్గరున్న మా ఊరినే ఎంచారు. ఊళ్లో పెట్టే జనరల్ నాలెడ్జ్ కేంద్రానికి ఒక గది కావాలి. ఊళ్లో ఖాళీ గదులు చాలా ఉన్నాయి. అందుకని ఖాళీగా లేనిదాన్ని తీసుకున్నారు. సాయంత్రాలు మా ఆడవాళ్లం చదువు నేర్చుకునేది అందులోనే. మా అందరిలోకీ పెద్దదై, అందరిచేతా మర్యాదగా హజ్జా అనిపించుకునే ఉమ్ దిరార్ అప్పటికి పేపర్లో పెద్దక్షరాల దాకా వచ్చింది.

"అక్షరాలు తర్వాత హజ్జా. ముందు జనరల్ నాలెడ్జ్," అన్నాడు తాళం వెయ్యడానికొచ్చిన ఆఫీసరు.

"అక్షరాలు రాకుండా ఏం తెలుసుకుంటాం నాయనా?"

"ఏం తెలుసుకోవాలో మేం చెప్తాంగా!"

ప్రారంభోత్సవానికి మంత్రిగారే వచ్చారు. ఫుట్‌బాల్ మైదానంలో మేకవెంట్రుకల డేరా వేయించారు. "ఈరోజు ఇంటివాణ్ణి నేను, మీరు నా అతిథులు," అని చెప్పి, ఫొటోగ్రాఫర్లు చాలనేదాకా స్వయంగా కాఫీ పోశారు.

ఉమ్ దిరార్ కప్పు అందుకుంది. తాగకుండా ఎదురుగా నేలమీద పెట్టింది. మేమూ పెట్టేశాం.

అతిథి కప్పు కింద పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడని. 'నీకేం కావాలి?' అని ఇంటివాడు అడగాలి, సరేననాలి. అప్పుడే అతిథి తాగుతాడు. మా ఊళ్లో మేకలకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు.

మంత్రిగారు సలహాదారు వైపు చూశారు. మన ఆచారాల మీద విదేశంలో డాక్టరేటు తెచ్చుకున్న మనిషాయన.

"చేదుగా ఉన్నట్టుంది సార్."

"చక్కెర తెండి!"

తెచ్చారు. ఎవరూ ముట్టలేదు.

"షుగరు జబ్బేమో సార్."

"ఊరందరికీనా? పోనీ, జ్యూస్ తెండి!"

జ్యూసూ వచ్చింది. దాన్నీ కింద పెట్టాం. వెనక కూర్చున్న ఒక ముసలాయన ఇక చూడలేకపోయాడు.

"అయ్యా, తమరు ఆవిణ్ణి ఒక్క మాట అడగాలి."

మంత్రిగారు వంగి, ఎంతో ప్రేమగా అడిగారు: "హజ్జా, మామిడిదా, నారింజదా?"

మర్నాడు పేపర్లో వచ్చింది: 'కాఫీ తాగడం మరిచిన పల్లె మహిళలు. మంత్రి ఆవేదన.' ఆవేదన ఫలించి, మా గదిలోనే కాఫీ శిక్షణ మొదలైంది. నేర్పడానికి అమ్మాన్ నుంచి లుజైన్ అనే అమ్మాయి వచ్చింది. మమ్మల్ని ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేది.

"ఖాలా, కుడిచేత్తో ఇలా పట్టుకోండి. ఇప్పుడు తాగండి."

మేం కింద పెట్టాం. రోజూ పోసేది, రోజూ పెట్టేవాళ్లం. చివరికి ఆ పిల్లకి ఏడుపొచ్చింది.

"గురువారం మంత్రిగారు సర్టిఫికెట్లివ్వడానికి వస్తున్నారు. మీరు తాగకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. అసలు మీకేం కావాలి ఖాలా?"

ఉమ్ దిరార్ ముసుగు సర్దుకుంది. "అడిగావా తల్లీ! నీ కడుపు చల్లగా. మాకు మా చదువు తరగతి కావాలి."

"అంతేనా? గురువారం అయ్యాక ఈ గదితో ఎవరికేం పని? సాయంత్రాలు మీరే వాడుకోండి!"

ఒక్క గుక్కలో అందరం తాగేశాం. ఆ సాయంత్రమే బోర్డు తుడిచాం.

గురువారం మంత్రిగారు ఉమ్ దిరార్ చేతికి సర్టిఫికెట్ ఇచ్చి, కెమెరాల వైపు తిప్పారు. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని, పైన ఉన్న పెద్దక్షరాలు కూడబలుక్కుంది.

"సం... స్కృ... తీ... శాఖ."

మంత్రిగారికి కళ్లు చెమర్చాయి.

"చూశారా! నెల రోజులు కాఫీ తాగడం నేర్పితే చదువే వచ్చేసింది!"

"సార్," అంది లుజైన్, "ఆ చదువు వాళ్లకు..."

"నీకు ప్రమోషన్ అమ్మాయ్," అన్నారు మంత్రిగారు. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది.

దేశంలో ఉన్న చదువు తరగతులన్నిటినీ కాఫీ తరగతులుగా మారుస్తున్నట్టు ఆయన అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఆఫీసరు చేత్తో సైగ చేశాడు. అతని రెండో చేతిలో మా గది తాళం ఉంది.