చికోరీ పూలకు కాపలా

పశువుల మేత గురించి పెద్దాయనకు తెలియనిదంటూ ఉంటే, అది పశువులకూ తెలియదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆయనే అనేవాడు.

ఆ ధీమాతోనే భార్య పేర ఉన్న పొలంలో చికోరీ చల్లాడు. కాఫీ పొడిలో కలిపేది దాని వేరు. ఆకు ఆవులకు మంచి మేత. పాలతో పాటు డికాషన్ కూడా పితుకుతారా అని భార్య అడిగి, ఒక షరతు పెట్టింది. ఆదివారం తన తమ్ముడు వచ్చి చూస్తాడు. పంట బాగుందంటే సరే, లేదంటే పొలం తమ్ముడి చేతికి.

పంట ఏపుగా కనిపించాలని పెద్దాయన ఆవులను ఆ ఛాయలకు రానివ్వలేదు. గేటు మూసి, కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. చికోరీ నడుమెత్తు పెరిగి పొలమంతా నీలంగా పూసింది. ఆకు తగ్గి కాడ ముదురుతున్న సంగతి ఆయన కంట పడలేదు. గేటు అవతల ఆవులు మెడలు చాచి, ఆయన్ని తిడుతున్నట్టే అరిచేవి.

ఆదివారం బావమరిది కొత్త గడ్డి టోపీ పెట్టుకుని పొద్దున్నే దిగాడు. నేరుగా పొలానికే వెళదామన్నాడు. కడుపు నిండినవాడు తప్పులు వెతకడని పెద్దాయన లెక్క. టిఫిను పెట్టించి, మేత మీద ఉపన్యాసం మొదలుపెట్టి, భోజనాల దాకా లాగాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక వెళ్ళి చూస్తే ఒక్క పువ్వూ లేదు. చీపురు పుల్లలు నాటినట్టుంది పొలం. చికోరీ పువ్వు మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. రోజూ ఎండెక్కగానే కుర్చీలో కునుకు తీసే కాపలాదారుకు ఆ సంగతి తెలిసే వీలే లేదు.

“పూలేవి బావా?”

“ఆవులు మేసేశాయి.”

“మేసి, వెళ్తూ వెళ్తూ గేటు వేసి వెళ్ళాయా?”

మాట దక్కించుకోవాలని పెద్దాయన గేటు బార్లా తీశాడు. ఆకలి మీదున్న ఆవులు దూసుకొచ్చాయి. లేత చివుళ్ళు కొరికి, ముదురు కాడలను తొక్కి తుక్కు చేసి, అది చాలక బావమరిది టోపీ కూడా నమిలాయి. పొలం నీదేరా అని అక్క ఆ పూటే తమ్ముడికి చెప్పేసింది.

వానలు పడ్డాక దున్నించుకుందామని ట్రాక్టరుతో వచ్చిన బావమరిది గేటు దగ్గరే ఆగిపోయాడు. తొక్కిన మోళ్ళ నుంచి అరచేతి వెడల్పు ఆకులు దట్టంగా లేచాయి. ఎలాగూ పోయిన పంటే కదా అని పెద్దాయన వదిలేసిన ఆవులు తింటున్నకొద్దీ చికోరీ మళ్ళీ మళ్ళీ ఆకు వేస్తోంది. అతను ట్రాక్టరును వెనక్కి పంపి, అక్క దగ్గరికి వెళ్ళాడు.

“దాన్ని దున్నడానికి చేతులు రాలేదక్కా. మేపడానికి వేసిన పంటని మేపనివ్వక బావ చెడగొట్టాడు. ఆవులు బాగుచేసుకున్నాయి.”

భార్య పెద్దాయన వైపు తిరిగింది. “పొలం మీరే చూసుకోండి. గేటు తాళంచెవి మాత్రం ఆవు మెళ్ళో కట్టండి.”

ఇందులో నేను కల్పించిన ముక్క ఒక్కటే. నిజానికి ఆవేళ గేటు తీసింది పెద్దాయన కాదు, దాన్నీ ఆవులే తోసుకొచ్చాయి.