మా బోరులో అమెరికా ఉంది

భూమ్మీద మనుషులందరికీ పళ్లు ఉచితంగానే వస్తాయి. వాటిని కాపాడుకోవడానికే ఖర్చు! అటువంటిది, ఒక కాలనీ మొత్తానికి పైసా తీసుకోకుండా దంతవైద్యం చేసే బోరు ఉంటే దాన్ని ఏం చేయాలి? దండ వేసి దండం పెట్టాలా, ఎర్ర రంగు పూయాలా?

ఎర్ర రంగే పూశారండీ! అదే కుర్మయ్య బాధ.

కుర్మయ్య తొండుపల్లి పక్కనున్న వైకుంఠ ఎన్‌క్లేవ్ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు. ఆ కాలనీ ఒకప్పుడు ఆయన తండ్రి జొన్న వేసిన చెలక. ఎయిర్‌పోర్టు వచ్చాక చెలక వెంచర్ అయింది, కుర్మయ్య రియల్టర్ అయ్యాడు, చెలకలోని బోరు కాలనీకి మంచినీళ్ల బోరు అయింది. విమానాలు ఆ ఇళ్ల మీదుగానే దిగుతాయి. మాట మధ్యలో విమానం వస్తే ఆగి, అది పోయాక మిగతా సగం చెప్పడం అక్కడి చంటిపిల్లలకు కూడా అలవాటే.

ఓ పొద్దున నీళ్లు పరీక్షించేవాళ్లు వచ్చి సీసాలో పట్టుకుపోయారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, బోరు గొట్టానికీ పక్కనున్న ట్యాంకుకీ ఎర్ర రంగు కొట్టి, "ఫ్లోరైడ్ ఎక్కువ. తాగుటకు పనికిరాదు" అని రాసి వెళ్లారు. ఎంత పెద్ద అక్షరాలంటే, ప్లాటు చూడడానికి వచ్చినవాళ్లకు ప్లాటు కన్నా ముందు అవే కనబడేవి! రెండో ఫేజు ప్లాట్లన్నీ ఆ ట్యాంకు చుట్టే ఉన్నాయి మరి. వచ్చినవాళ్లు కారు దిగకుండానే అద్దం ఎత్తేసి వెనక్కి తిప్పుకుపోయేవాళ్లు.

"ఏంది ఈ పరేషాన్? చిన్నప్పటి సంది ఇవే నీళ్లు తాగుతున్న. నాకేమైంది?" అని కుర్మయ్య కనబడ్డవాళ్లందరినీ అడిగేవాడు.

నిజమే, ఏమైంది? పళ్లు గోధుమరంగుకు తిరిగాయి, అంతే! నడివయసు వచ్చేదాకా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మొదటి ప్లాట్లు అమ్ముడుపోగానే పైవరస మొత్తానికి తెల్లటి తొడుగులు వేయించుకున్నాడు. కొనేవాడు కాగితాల కన్నా ముందు అమ్మేవాడి నవ్వు చూస్తాడు కదా! ఇక తల్లి దుర్గవ్వకు మెడ తిరగదు, నడుము వంగదు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నెత్తి మీదుగా అన్ని విమానాలు పోతున్నా ఆమె ఒక్కదాన్నీ తలెత్తి చూసింది లేదు. "ఈ వయసుల విమానాలు జూసి నేనేం జెయ్యాలె తియ్" అంటుంది. వయసంటే మరీ ఎక్కువేం కాదు, అరవై దాటిందంతే.

ఇలా కుర్మయ్య కుమిలిపోతున్న రోజుల్లో ఆయన ఫోనుకు ఒక వీడియో వచ్చింది. అమెరికాలో ఏదో ఊరి హాలు. జనం వంతులవారీగా మైకు ముందుకొచ్చి ఒకరి మీద ఒకరు వేలు చూపిస్తూ అరుచుకుంటున్నారు. అర్థంకాని ఆ ఇంగ్లిష్‌లో కుర్మయ్యకు ఒక్క మాట అర్థమైంది. ఫ్లోరైడ్! వెంటనే ఇంగ్లిష్ మీడియంలో అయిదో తరగతి చదువుతున్న కూతురు రేఖను పిలిచాడు.

"ఏమంటున్నరు బిడ్డా?"

"అక్కడ నీళ్లల్ల ఫ్లోరైడ్ కలుపుతరంట బాపు, పండ్లు పుచ్చిపోకుండ. కలపాల్నా వద్దా అని లొల్లి పెట్టుకుంటున్నరు."

కుర్మయ్య లేచి కూర్చున్నాడు. "కొనుక్కొచ్చి మరీ కలుపుతరా?"

"అవ్. కాని జరంతనే కలుపుతరంట."

"జరంతనేనా?" కుర్మయ్యకు జాలేసింది. "పాపం, గరీబోళ్లు!"

మర్నాటికల్లా కాలనీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. "అమెరికా కొనుక్కుంటోంది! మాకు భూదేవి ఇస్తోంది!" దాని మీద తొడుగులన్నీ కనబడేలా నవ్వుతూ అధ్యక్షులవారు. ట్యాంకు మీది ఎర్ర రంగు ఆకాశనీలంగా మారిపోయింది. ఇంత దూరదృష్టి గల నాయకుడు మీ కాలనీలో ఉన్నాడా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి!

అయితే అదే వీడియోను చివరిదాకా చూసినవాడు మరొకడు ఉన్నాడు. మూలమీది మేడలో లెక్కల ట్యూషన్లు చెప్పే ఉపేందర్. ఫ్లోరైడ్ వల్ల పిల్లల బుద్ధి మందగిస్తుందని చివర్లో ఒకావిడ అరిచింది. ఉపేందర్ ఒళ్లు పులకరించింది! ఆ ఏడు ఆయన ట్యూషన్ పిల్లలు లెక్కల్లో బోర్లా పడ్డారు. ఎందుకు పడ్డారని తల్లిదండ్రులు గేటు దగ్గర నిలదీస్తున్నారు. ఇన్నాళ్లకు జవాబు దొరికింది.

"తప్పు నాది గాదు, పిల్లలది గాదు. బోరుది!" అని ప్రకటించి ఫ్లోరైడ్ విమోచన వేదిక పెట్టాడు.

ఆనాటి నుంచి కాలనీ రెండు వాట్సాప్ గ్రూపులుగా చీలిపోయింది. కుర్మయ్య గ్రూపువాళ్లు టూత్‌పేస్టు కొనడం మానేశారు. బోరు ఉండగా పేస్టు ఎందుకు? ఉపేందర్ గ్రూపువాళ్లు తులసిచెట్టుకు కూడా క్యాన్ నీళ్లే పోశారు. మొక్కకు మాత్రం బుద్ధి అక్కర్లేదా? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కులగోత్రాలు అడగడం మాని ఏ గ్రూపు అని అడిగారు. ఎవరి బుద్ధి మందగించిందో తెలియదు గానీ, చర్చ మాత్రం మందగించలేదు!

ఇక తేల్చేయాల్సిందేనని ఓ ఆదివారం పొద్దున ట్యాంకు కింద షామియానా వేశారు. ఏ గ్రూపుకీ చెందని మనిషి కావాలని శంషాబాద్‌లో పళ్ల దవాఖాన నడిపే డాక్టర్ ప్రేమలతను పిలిచారు.

"మీ ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది" అని మొదలుపెట్టిందామె. రెండు వైపుల నుంచీ చప్పట్లు! ఎంత నిజమో అడిగే ఓపిక ఎవరికుంది?

"కానీ సంగతంతా కొలతలో ఉంది. కూరలో చిటికెడు ఉప్పు వేస్తే రుచి. దోసెడు వేస్తే? అక్కడ వాళ్లు కలిపేది లీటరుకు..."

విమానం వచ్చింది. ఆమె పెదవులు కదిలాయి. విమానం పోయింది.

"...మీ బోరులో ఉన్నది దానికి..."

ఇంకో విమానం.

"ఏమన్నది?" "దానికి సమానం అన్నది." "గాదు, దాంట్ల సగం అన్నది!"

డాక్టర్ మళ్లీ చెప్పబోయింది. మళ్లీ విమానం. విసిగిపోయి మైకు కింద పెట్టేసి, ముందు వరుసలో నానమ్మ దుర్గవ్వ పక్కన కూర్చున్న రేఖను దగ్గరికి పిలిచింది.

"నోరు తెరువమ్మా."

రేఖ తెరవలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టర్ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది. పాలపళ్లు ఊడి వచ్చిన ముందు పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు. వాటి మధ్య టీ మరకల్లాంటి మచ్చలు.

"ఎప్పటి నుంచి గిట్ల చెయ్యి పెట్టుకుంటున్నవ్?"

"స్కూల్ల ఫోటో దిగినప్పటి సంది" అంది రేఖ. "అందరు నవ్వమన్నరు. నేను నవ్వలే."

కుర్మయ్య ఆ మాట విన్నాడు. అప్పుడు ఏ విమానమూ రాలేదు. ఆ చెయ్యి ఆయనకు తెలుసు. పెళ్లిలో భాగ్యలక్ష్మి మెడలో పుస్తె కడుతూ కూడా నోరు విప్పి నవ్వలేకపోయిన మనిషి ఆయన. ప్లాట్లు చూసుకున్నాడు, ట్యాంకు రంగు చూసుకున్నాడు. ఇంట్లో పిల్ల నవ్వడం మానేసిన సంగతి చూసుకోలేదు. లేచి ఏదో చెప్పాలనిపించింది.

సరిగ్గా అప్పుడే ఆయన కుడిభుజం, ఫ్లెక్సీలు వేయించే మొగులయ్య మైకు అందుకున్నాడు. "మన బోరు నీళ్లు హానికరం గావు, పైగ బలవర్ధకం అని తీర్మానం! సై అన్నోళ్లు చేతులెత్తున్రి!"

కుర్మయ్య గ్రూపు చేతులన్నీ లేచాయి, అవే ఎక్కువ. ఎత్తినవాళ్లంతా అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడే ఎత్తకపోతే ఏం మర్యాద? కుర్మయ్య కూడా ఎత్తాడు. ఆ వైపు ఒక్క రేఖ చెయ్యి మాత్రం మళ్లీ నోటి మీదికే వెళ్లింది.

డాక్టర్ వెళుతూ వెళుతూ ఆయన దగ్గర ఆగింది. "పాపను దవాఖానకు తీసుకురండి. కానీ ముందు ఇంట్ల తాగే నీళ్లు మార్చండి. అవ్వ మెడ కూడా ఎవరికన్నా చూపించండి. అది వయసుతో వచ్చింది కాదనుకుంటా."

తీర్మానం ముత్యాల్లాంటి టైపింగ్‌తో నీళ్ల ఆఫీసుకు చేరింది. కొన్నాళ్లకు రోడ్డు తవ్వడం మొదలైంది. నది నీళ్ల పైపులు! కుర్మయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఏ గొడవా లేకుండా, ఎవరి మాటా ఓడిపోకుండా మంచి నీళ్లు వచ్చేస్తాయి. పైపు కాలనీ గేటు దాకా వచ్చింది. గేటు ముందు నుంచి మర్యాదగా వంపు తిరిగి పక్క కాలనీలోకి వెళ్లిపోయింది.

కుర్మయ్య ఆఫీసుకు పరుగెత్తాడు. ఇంజినీరు ఎదురొచ్చి కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు.

"రండ్రి అధ్యక్షా! మీ తీర్మానం ఆఫీసుల అందరం చదివినం. వచ్చేటోళ్లంత నీళ్లు మంచిగ లేవని ఏడుస్తరు. బలవర్ధకం అని రాసిచ్చింది మీరొక్కరే!"

"గది గాదు సార్... పైపు మా గేటు ముంగట నుంచే పోయింది."

"పోదా మరి? ముందుగాల ఫ్లోరైడ్ బాధితులకు ఇయ్యాలె. మీరు బాధితులు గాదు గదా, లబ్ధిదారులు!"

కుర్మయ్య చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఇగ ఇప్పుడెట్ల సార్?"

"ఏమున్నది? నీళ్లు మంచిగ లేవని ఇంకో తీర్మానం జేసి పంపున్రి. వచ్చే విడతల జూద్దాం."

ఇంతేనా అనుకుని కుర్మయ్య మళ్లీ షామియానా వేయించాడు. ఈసారి మైకు తనే పట్టుకున్నాడు.

"నేను తప్పు జెప్పిన. ఇగో, ఈ పండ్లు నావి గావు, తొడుగులు. లోపలియి గీ బోరు జేసినయి. నా బిడ్డకు గూడ గదే అయితున్నది. మనకు పైపు నీళ్లు గావాలె."

వెంటనే ఎవరో లేచారు. "అంటే తొడుగులు వేయించుకుంటే సరిపోతది గద అధ్యక్షా!"

మొగులయ్యకు పౌరుషం వచ్చింది. "ఊరంత ఫ్లెక్సీలు కట్టినం. ఇప్పుడు మాట మారుస్తే ఇజ్జత్ ఉంటదా? అధ్యక్షుడు క్యాన్ల కంపెనీకి అమ్ముడువోయిండు!"

ఉపేందర్ అయినా సంతోషించాడా? లేదు! బోరు పోతే మార్కులు తగ్గడానికి మళ్లీ కొత్త కారణం వెతుక్కోవాలి. "పైపుల ఏం కలుపుతున్నరో ఎవలికెరుక? గదాంట్ల గూడ ఫ్లోరైడ్ ఉంటే?" అన్నాడు.

అప్పుడు దుర్గవ్వ లేచింది. జనం వైపు ఒళ్లంతా తిప్పి నిలబడింది.

"మీరంత సదువుకున్నోళ్లు. గా లెక్కలు నాకు తెల్వయ్. నా మనుమరాలు నా లెక్క గావద్దు. గంతే."

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఇలాంటి ఇరకాటంలోనే కదా మన జాతి ప్రతిభ బయటపడేది! వెనక నుంచి ఎవరో, "అధ్యయన కమిటీ వేద్దాం" అన్నారు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. చేతులు టపటపా లేచాయి. కమిటీకి ఛైర్మన్ మొగులయ్య, కన్వీనర్ ఉపేందర్. కుర్మయ్య అధ్యక్ష పదవి ఆ పూటే ఊడిపోయింది.

మర్నాడు తెల్లవారగానే మాజీ అధ్యక్షుడు స్కూటర్‌కు చెరోవైపు బిందె కట్టుకుని, వెనక భాగ్యలక్ష్మిని ఎక్కించుకుని పక్క కాలనీ నల్లా దగ్గరికి వెళ్లాడు. అక్కడ వరుస ఉంది. ముందు నిలబడ్డవాడు రుమాలు ముఖానికి కట్టుకున్నాడు గానీ, క్యాన్ మీద ట్యూషన్ సెంటర్ పేరు అలాగే ఉంది. ఉపేందర్! ఆయన ముందు రెండు డబ్బాలతో మొగులయ్య. ఆ ముందు నిన్న టపటపా చేతులెత్తినవాళ్లంతా బిందెలతో! ఎవరూ ఎవరినీ పలకరించలేదు.

"సిగ్గువడకున్రి. పిల్లలు తాగేదానికి సిగ్గేంది?" అంది భాగ్యలక్ష్మి పైకే. వరుసలో రెండు మూడు తలలు వంగాయి. ఉపేందర్ రుమాలు విప్పేశాడు.

వరుస కదిలి కుర్మయ్య బిందె నల్లా కిందికి చేరేసరికి, ఆ కాలనీ సంఘం అధ్యక్షుడు యాదగిరి చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. బయటివాళ్లు పడుతున్నారని కోపగిస్తాడేమోనని కుర్మయ్య బెదిరాడు. యాదగిరి ముఖంలో కోపం లేదు, గౌరవం ఉంది.

"కుర్మయ్యన్నా, మావోళ్లకు గూడ ఈ పైపు నీళ్ల మీద జర అనుమానం వచ్చింది. ఏం కలుపుతున్నరో ఏమో! ఆదివారం మీటింగ్ పెడుతున్నం. మీ కాలనోళ్లకు అనుభవం ఉన్నది గద. నువ్వు, ఉపేందర్ సార్ వచ్చి చెరో దిక్కు మాట్లాడాలె."

కుర్మయ్య సగం నిండిన బిందెను వదిలేసి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"యాదగిరన్నా, నీ కాల్మొక్కుత. నీళ్లకు పైసలు అడుగు, ఇస్త. నల్లా కాడ కావలి ఉండమను, ఉంట. చర్చ మాత్రం పెట్టకు. చర్చ పెడితే నీళ్లు పోతయ్!"