దుబాయ్ విమానం రోజూ లేటుగానే లేవాలి

విమానాలు వేళకు నడవాలని కోరేవాళ్లు ప్రజల ఉసురు పోసుకుంటున్నారు! ఈ మాట నిద్రమత్తులో అనడం లేదు. పళ్లు తోముకుని, చాయ్ తాగి, నిండు స్పృహలో రాస్తున్నాను.

మీరు ఎయిర్‌పోర్టులో కూర్చుంటారు. బోర్డు మీద 'ఆలస్యం' అని కనపడగానే ఎయిర్‌లైన్స్ వాళ్ల ఏడు తరాలను తిట్టిపోస్తారు. మీకు పోయేదేముంది? ఒక మీటింగ్. అదే ఆలస్యం వల్ల ప్రహరీ గోడ ఇవతల ఒక మనిషి కుడి చెయ్యి మిగిలిందని మీకెవరైనా చెప్పారా?

మాది ఎయిర్‌పోర్టు పక్కన పాల్మాకుల. విమానాశ్రయం వచ్చాక మాకు జరిగిన మొదటి మేలు ఏమిటంటే, గడియారంలో సెల్లు మార్చే పని తప్పింది. ఢిల్లీ విమానం లేస్తే పాలు పిండుతాం. ముంబై విమానానికి పొయ్యి మీద ఎసరు పడుతుంది. పది గంటల దుబాయ్ విమానం ఇంటి మీదుగా పోతే గూట్లో స్టీలు గిన్నెలు అదురుతాయి. ఆ చప్పుడుకు మా పక్కింటి సత్తన్న బీపీ గోలి వేసుకుంటాడు. డాక్టరు 'టిఫిన్ తర్వాత' అన్నాడు. సత్తన్న దాన్ని 'దుబాయ్ తర్వాత' అని దిద్దుకున్నాడు.

ఆ రోజు ఎక్కడో పొగమంచు పడి దుబాయ్ విమానం ఆలస్యమైంది. మాలో చాలామందికి తెలియలేదు. విమానం పోయింది, గిన్నెలు అదిరాయి, సత్తన్న గోలి మింగాడు. ఆయన భార్య రుక్కమ్మ నీళ్లిచ్చి, వెనక కొట్టంలోకి వెళ్లింది. వచ్చి అన్నానికి పిలిచేసరికి సత్తన్న మంచం మీద ఒరిగి ఉన్నాడు. మూతి ఒక పక్కకు జారింది. కుడి చెయ్యి ఆయనది కానట్టు వేలాడుతోంది. ఊళ్లో అందరికంటే పదునైన నోరు ఆయనది. ఆ నోట్లోంచి ఇప్పుడు ముద్దలు ముద్దలుగా ఏవో శబ్దాలు వస్తున్నాయి.

వెంటనే దవాఖానకు తీసుకుపోయారా అని అడుగుతారు. మేమేమైనా తొందరపాటు మనుషులమా?

ముందు వాట్సాప్ వైద్యం జరగాలి. మా ఊరి గ్రూపుకు అడ్మిన్ ఐలయ్య. ఫోను ఒక చేత్తో, పిన్నీసు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! పది వేళ్లకు గుచ్చాలె. చైనాల గిట్లనే చేస్తరంట."

"గ్యాసురా అది! జర సోడా పట్టుకరాపో," అంది సత్తన్న చెల్లెలు భాగ్యమ్మ. "వదినె, నువ్వు నోరు తెరిచి పట్టు, నేను పోస్త."

మూడో వర్గం పావురం నెత్తురు పూయాలంది. ఇక్కడ మళ్లీ విమానాశ్రయానికి దండం పెట్టాలి. పక్షులు విమానాలకు తగలకూడదని వాళ్లు పటాకులు కాల్చి తరుముతుంటే మా చుట్టుపక్కల పావురమన్నది ఏది? ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వెతికి వెతికి ఒక కోడితో వచ్చారు. కోడి సరిపోతుందా, సరిపోదా అన్న చర్చ తెగలేదు. చర్చ తెగకపోవడం వల్లనే, వేరే పని లేక, సత్తన్నను నా కారులోకి ఎక్కించారు.

ఇంకో మాట. మా ఊరివాళ్లం మస్కట్ పోయే మనిషిని సాగనంపడానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టుకు చేరుకుంటాం. ఎక్కేది ఒకడు, దిగబెట్టేది పదహారు మంది. అంతటి సమయపాలన మాది. దవాఖాన సంగతి వేరు. అది ఎక్కడికీ ఎగిరిపోదు కదా!

హైవే మీద అద్దాల దవాఖానకు చేరేసరికి మూడు కావస్తోంది. అక్కడ సంతోషి అనే నర్సు ఎదురొచ్చింది. ఎయిర్‌పోర్టుకు అవతలి పక్క తుక్కుగూడ అమ్మాయి. స్ట్రోక్ వచ్చిన మనిషిని ఎలా పట్టుకోవాలి, ఏం అడగాలి, ఏం చేయనివ్వకూడదు అని ప్రత్యేకంగా శిక్షణ తీసుకుని వచ్చింది. గొంతు మాత్రం శిక్షణకు ముందు నుంచే ఉన్నట్టుంది. అందరినీ తలుపు బయటికి గెంటింది. ముందుగా షుగర్ చూడటానికి సత్తన్న వేలికి సూది గుచ్చింది.

తలుపు సందులోంచి ఐలయ్య ఎగిరి గంతేశాడు. "చూసిన్రా? దవాఖానల గూడ గుచ్చుడే!"

"నువ్వేనా అన్నా గుచ్చింది?" సంతోషి తలెత్తలేదు. "పది వేళ్లకు పది పొక్కలు వెట్టినవ్. నాకోసం ఒక్కటన్న మిగల్చొద్దా?"

స్కానింగ్ చేశారు. మెదడులో నెత్తురు కారలేదు, గడ్డ అడ్డం పడింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ దానికో గడువు. మనిషి చివరిసారి బాగా కనిపించిన వేళ నుంచి నాలుగున్నర గంటల్లోపు పడాలి. దాటితే ఆ మందే ప్రాణం మీదికి తెస్తుందట. సత్తన్న చెయ్యి లేస్తుందా, నోరు తిరుగుతుందా అన్నది ఇప్పుడు ఒక్క జవాబు మీద ఆగింది.

డ్యూటీ డాక్టరు గుంటూరు వైపు కుర్రాడు. "ఆయన ఎప్పటివరకు బాగున్నారమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

"దుబాయ్ విమానం పోయినప్పుడు మంచిగనే ఉండె సారూ," అంది రుక్కమ్మ.

డాక్టరు నోరు తెరిచాడు. ఐలయ్య అనువాదం చేశాడు. "అంటే పది గంటలు సార్. పక్కా."

డాక్టరు వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. పెన్ను మూత పెట్టాడు. "అప్పుడే ఐదు గంటలు గడిచిపోయాయమ్మా. ఇక ఆ ఇంజెక్షన్ ఇవ్వలేం," అన్నాడు. రుక్కమ్మ గోడకు ఆనుకుని జారి కూర్చుంది.

"ఆగుండి సార్," అంది సంతోషి. వంగి రుక్కమ్మ భుజం పట్టుకుంది. "పెద్దమ్మా, ఏడువకు. ఒక్కటి చెప్పు. ఇయ్యాల లేసిన విమానమా, రోజు లేసే విమానమా?"

చూశారా ప్రశ్న! ఏ పాఠ్యపుస్తకంలో ఉంటుంది? విమానాల కింద పెరిగితే తప్ప నోటికి రాదు.

"ఇయ్యాల్టిదే బిడ్డా. గిన్నెలు అదిరినయ్, ఆయన గోలి ఏసుకున్నడు, నేనే నీళ్లిచ్చిన. 'గింత సల్లగున్నయేందే' అని నన్ను తిట్టిండు గూడ."

సంతోషి ఫోనులో చూసింది. ఆ రోజు దుబాయ్ విమానం లేచింది పన్నెండు కావస్తుండగా! అంతలో సత్తన్న కొడుకు జగదీశ్ ఎయిర్‌పోర్టు కార్గో డ్యూటీ నుంచి యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు ఇంకో రుజువు అడిగితే తన ఫోను తీసి చూపించాడు.

"పదకొండున్నరకు బాపు నాకు ఫోన్ జేసిండు సార్. 'మీ దుబాయ్ది ఇంక లేవదేందిరా, నేను గోలి ఏసుకోవాలె, జర వాళ్లకు చెప్పు' అని పరేషాన్ జేసిండు."

"మాట స్పష్టంగా ఉందా?"

"నన్ను, పైలట్‌ను ఇద్దర్ని తిట్టిండు సార్. ఒక్క అక్షరం గూడ పొల్లు పోలే."

డాక్టరు పెన్ను మూత తీశాడు. సంతోషి అప్పటికే బీపీ చూసి, బరువు చూసి, మందు సిద్ధం చేసింది.

ఇప్పుడు చెప్పండి. ఆ విమానం వేళకు లేచి ఉంటే? ప్రయాణికులు నవ్వుతూ దుబాయ్‌లో దిగేవాళ్లు. సత్తన్న పది గంటలకే గోలి మింగేవాడు, ఆ ఫోనూ చేసేవాడు కాదు. మా లెక్క పదికే ఆగిపోయేది!

ఇంజెక్షన్ పడ్డాక కూడా సంతోషి మంచం వదల్లేదు. పదే పదే బీపీ చూస్తుంది, చెయ్యెత్తమంటుంది, పేరడుగుతుంది. మధ్యలో భాగ్యమ్మ కొబ్బరిబోండంతో లోపలికి దూరింది.

"అత్తా, గొంతు దిగుతదో లేదో నేను చూసేదాక చుక్క గూడ పోయొద్దు. ఊపిరితిత్తులకు పోతది."

"ముగ్గురు పిల్లల్ని పెంచిన. నాకు తాపుడు నేర్పుతవా?"

"నేర్పుత. బయట కూసో, నీకే తాపుత ఆ బోండం."

మర్నాడు సత్తన్న చెంచాడు నీళ్లు పొలమారకుండా మింగాడు. కుడి చెయ్యి మెల్లగా లేచింది. పైకప్పు వైపు వేలు చూపించి, తడబడుతూనే అన్నాడు. "దుబాయ్... పోయిందా? గోలి?"

ఇక్కడితో ఆపితే మీరు నిజంగానే విమానం ఒక్కటే సత్తన్నను కాపాడిందనుకుంటారు. కాదు. ఆరాంఘర్ చౌరస్తాకు కూడా వాటా ఉంది.

సంతోషి డ్యూటీ ఆ రోజు రెండు గంటలకే అయిపోయింది. ఆమె తర్వాత డ్యూటీకి రావాల్సిన నర్సు సిటీ నుంచి వచ్చే దారిలో ఆరాంఘర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆ నర్సు కష్టపడే మనిషే, కానీ స్ట్రోక్ శిక్షణకు ఆమెను ఎవరూ పంపలేదు. ఆ దవాఖాన మొత్తానికి శిక్షణ ఉన్నది ఒక్క సంతోషికే. అంటే రోడ్డు ఖాళీగా ఉండి ఉంటే 'ఇయ్యాల్టి విమానమా' అని అడిగే దిక్కే లేదు!

ఇంకొకరిని ఎందుకు పంపలేదని మేనేజరును అడిగాను. ఆయన లాబీలో నిలబడి ఉన్నాడు. వెనక అద్దాల గోడ మీద నుంచి నీళ్లు జారుతున్నాయి. లీకేజీ కాదు, అలంకారమట.

"ట్రైనింగ్ ఇప్పిస్తే విదేశాలకు వెళ్లిపోతారండీ. పక్కనే ఎయిర్‌పోర్టు కదా!" అన్నాడు.

ఎంత ముందుచూపు! నేర్పితే పోతారు, కాబట్టి నేర్పకూడదు. జీతం పెంచితే ఉంటారేమో అన్నాను. ఆయన నీళ్ల గోడ వైపు చూశాడు.

కాబట్టి నా వినతి ఒక్కటే. రెండో నర్సుకు శిక్షణ ఇప్పించడం ఎటూ అయ్యే పని కాదు. అందువల్ల దుబాయ్ విమానాన్ని రోజూ ఆలస్యం చేయాలి. ఆరాంఘర్‌లో ట్రాఫిక్‌ను రోజూ ఆపాలి. ఈ రెండూ మన దేశంలో తేలిగ్గా అయ్యే పనులు.

పై వారం సంతోషికి సెలవు, చెల్లెలి పెళ్లి. అందుకని మా ఊళ్లో ముందు జాగ్రత్తగా చెత్త బండి మైకులో చాటింపు వేయించాం. 'ఊరి ప్రజలకు మనవి. పై వారమంతా ఎవ్వరూ మూతి వంకర పోనియ్యొద్దు. చేతులు, కాళ్లు పడిపోనియ్యొద్దు.'

భాగ్యమ్మ బకెట్టుతో బండికి అడ్డం నిలబడింది. "ఏం కొడుకా, పై వారం సంగతి సరే. రోజు రెండు గంటలకు ఆమె డ్యూటీ దిగినంక వచ్చేటోళ్లు ఏం జేయాలె?"

బండి అతను మైకులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్న రికార్డు పెట్టి ముందుకు పోయాడు.