తెర మీది రెండో పేరు

ఆ ఉదయం వయొలిన్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు చిన్నప్పుడు తన దగ్గర నేర్చుకుంటూ వాయించిన పాఠాల రికార్డింగులన్నీ ఒకచోట చేర్చి ఆమెకు పంపాలి. భార్య ఆఫీసుకు వెళ్ళగానే లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు.

ఆ లాప్‌టాప్ ఇద్దరిదీ, లోపల మాత్రం ఎవరి ఆపరేటింగ్ సిస్టమ్, ఎవరి ఫైళ్ళు వారివే. ఆయనకు విండోస్, ఇళ్ళ ప్లాన్లు గీసే ఆవిడకు లైనెక్స్. ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకోమని తెర మీద రెండు పేర్లు కనిపించేవి. ఇవాళ ఏమీ అడగకుండా నేరుగా విండోస్ తెరుచుకుంది. నిన్న సాయంత్రం ఏదో అప్‌డేట్ అంటే సరేనని నొక్కింది తానే. ఆవిడ ప్లాన్లన్నీ తన చేతుల మీదుగానే పోయాయనుకున్నారు.

అంతలో ఆవిడే ఫోన్ చేసి, లాప్‌టాప్ తెరిచారా అని అడిగింది. ఆవిడ ఇంకేదో చెప్పబోతుంటే మధ్యలోనే అందుకుని, ఇంట్లో కరెంటు లేదని పెట్టేశారు.

కాసేపటికి ఆవిడ పంపిన ఎలక్ట్రీషియన్ తలుపు తట్టాడు. మాస్టారు పరుగున వెళ్ళి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే తలుపు తీశారు.

అతను ఖాళీ చోటును చాలాసేపు చూశాడు. "ఫ్యూజు కాలిపోవడం చూశాను గానీ సార్, లేచిపోవడం ఇదే చూడటం," అన్నాడు.

అతను కొత్తది తేవాలి. ఇటు లాప్‌టాప్ చార్జింగు అయిపోవస్తోంది. మాస్టారు తాళం అతని చేతికే ఇచ్చి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని రిపేరు షాపుకు నడిచారు.

షాపతను తీరిగ్గా చూసి, లైనెక్స్ డిస్కులోనే లేదన్నాడు. అంతా తుడిచేసి రెండూ కొత్తగా ఎక్కించడమే తేలికట. "కావలసినవన్నీ వేరేచోట దాచుకున్నారు కదా మాస్టారూ?" అని అడిగాడు.

ప్లాన్లు ఎలాగూ పోయాయి. తెర మీద లైనెక్స్ పేరంటూ కనిపిస్తే, అవి ఎలా పోయాయో తనకు తెలియదనొచ్చు. ఆ ధ్యాసలో మాస్టారికి విండోస్‌లో ఉన్న తన రికార్డింగులు గుర్తే రాలేదు. "ఆఁ, దాచాను. సాయంత్రంలోగా రెండు పేర్లూ కనబడాలి, అంతే," అన్నారు.

కనబడ్డాయి. ఇంటికొచ్చిన భార్య తెర చూసి ఆశ్చర్యపోయింది.

"ఇది మళ్ళీ ఎలా వచ్చింది? నా ప్లాన్లు ఆఫీసు కంప్యూటర్లోకి మార్చుకుని, నిన్న రాత్రి నేనే తీసేశానండీ. మీ రికార్డింగులకు చోటు చాలడం లేదన్నారుగా. అది చెబుదామనే పొద్దున ఫోన్ చేశాను."

మాస్టారు విండోస్ తెరిచారు. సున్నం వేసిన గదిలా శుభ్రంగా ఉంది. తడబడే చిన్న వేళ్ళ వాయింపు లేదు. మధ్యలో కమాను దించి, "నాన్నా, బాగుందా?" అని అడిగే గొంతూ లేదు.

"నేను నిన్ను ఒక్క మాట అడగాల్సింది," అన్నారు చివరికి. ఆవిడ నాలుగు దులిపినా బాగుండేది. వచ్చి పక్కన కూర్చుంది.

ఆదివారం కూతురు వచ్చింది. ఇప్పుడు పెద్ద సభల్లో వాయిస్తోంది. సంగతంతా విని, తన మొదటి పాఠాన్ని అప్పటి తప్పులతోనే వాయిస్తానని వయొలిన్ తీసింది. తల్లి రికార్డు చేయడానికి ఫోన్ పట్టుకుంది. అచ్చం ఆనాటి అపస్వరమే పలికింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి.

ఆ రికార్డింగులో తర్వాత వినిపించేది ఆయన గొంతే: "మూడో వేలు కొంచెం పైకి జరుపమ్మా."