ఆవపిండి పట్టిన యూపీఎస్

ఐడియాల అప్పాజీ అంటే పాలకొల్లులో తెలియనివాళ్ళు తక్కువ. ఆ ఐడియాల బరువు ఎంతో మాత్రం వాళ్ళావిడ సూర్యకళ ఒక్కదానికే తెలుసు.

సూర్యకళ చీటీ పాడి కంప్యూటర్ కొనుక్కుని, ఇంట్లోనే పెళ్ళి శుభలేఖలు టైపు చేసి ప్రెస్సుకిస్తోంది. కరెంటు పోయినా టైపు చేసింది పోకుండా కాపాడ్డానికి పక్కన ఒక యూపీఎస్ ఉండేది. ఉండేది అనాల్సి రావడం అప్పాజీ పుణ్యమే.

ఆ గురువారం మామిడికాయ ముక్కలు కొట్టించుకొచ్చారో లేదో, ఊరంతా కరెంటు పోయింది. ఆవాలు ఇంకా మిక్సీ పట్టనే లేదు.

"సాయంత్రం చూద్దాం లెండి," అంది సూర్యకళ.

"అప్పటికి ముక్క వడిలిపోదూ? యూపీఎస్‌లో బోలెడు కరెంటు ఊరికే కూర్చునుంది."

ఆవిడ వద్దనేలోపే మిక్సీ తగిలించేశాడు. ఆవపిండి మెత్తగానే దిగింది. ఆఖరి గుప్పెడు దగ్గర యూపీఎస్ కీచుమని, ఇంత పొగ వదిలి, మరి మాట్లాడలేదు.

"వారంటీ ఉందిగా, భయమేంటి?"

"కంప్యూటర్‌కి వాడితేనండి వారంటీ. షాపాయనకి ఉన్నమాట చెప్పండి."

"చెబితే ఇస్తాడా? నాకొదిలెయ్."

శనివారం అప్పాజీ ఓ చేత్తో యూపీఎస్, ఓ చేత్తో కొత్తావకాయ సీసా పట్టుకుని పల్లంరాజు గారి కంప్యూటర్ షాపుకెళ్ళాడు.

"కంప్యూటర్‌కి తప్ప దేనికీ వాడలేదండి. దానంతటదే పోయింది," అంటూ సీసా బల్లమీద పెట్టాడు.

పల్లంరాజు గారు వేలితో కాస్త నాలిక్కి రాసుకున్నారు. "అదృష్టవంతులండి. గురువారం మా ముక్కలన్నీ వడిలిపోయాయి. రాత్రిదాకా కరెంటేదీ? మీరు ఆవపిండి ఎలా పట్టారండి?"

తన ఐడియా గురించి ఎవరైనా అడిగితే అప్పాజీకి ఒళ్ళు తెలియదు.

"బుర్ర వాడాలండి. యూపీఎస్‌కి మిక్సీ..." అని ఆగాడు. ఆగాల్సిన చోటు అప్పటికే దాటిపోయింది.

"ఆవకాయ బ్రహ్మాండమండి. వారంటీ రాదు. రిపేరుకి రాజమండ్రి పంపాలి, నెల పడుతుంది."

"అందాకా ఇంకోటేదైనా..."

"ఉన్నమాట చెప్పుంటే నా పాతది ఇచ్చేవాణ్ణండి. ఇప్పుడిస్తే దానికి గ్రైండర్ తగిలిస్తారు."

సీసా కూడా వెనక్కివ్వలేదు.

ఇంటికొస్తే సూర్యకళ కోప్పడలేదు. నాలుగు తిట్టినా బావుండేదనిపించింది అప్పాజీకి. పొద్దున్న కరెంటు పోయి సగం శుభలేఖ ఎగిరిపోతే, ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ టైపు చేస్తోంది.

"సాయంత్రంలోగా ఇవ్వకపోతే ఇంక పనివ్వనన్నారండి ప్రెస్సాయన," అంది.

అప్పాజీ ప్రాణం ఉసూరుమంది. "నన్నేం చెయ్యమంటావో చెప్పు."

"పక్కన కూర్చుని, రెండు లైన్లకోసారి సేవ్ చెయ్యమని చెప్పండి. పనిలో పడితే నాకు గుర్తుండదు."

పెళ్ళికూతురి తాతగారి పేరు దాకా బుద్ధిగానే చెప్పాడు. ఆ తర్వాత మనసాగలేదు.

"తప్పు నాదే సూర్యా. నీ మాట వినాల్సింది," అని మొదలుపెట్టి, మిక్సీ నుంచి సీసా దాకా అంతా ఒప్పేసుకున్నాడు. పెళ్ళయ్యాక అంత మనసు విప్పి ఎప్పుడూ మాట్లాడలేదు. సూర్యకళ వింటూ టైపు చేస్తూనే ఉంది. ముహూర్తం అయింది, విందు అయింది, బంధుమిత్రుల అభినందనలూ అయిపోయాయి.

ఫ్యాను ఆగింది. కంప్యూటర్ తెర నల్లబడింది.

"సేవ్ చేశావా?" అన్నాడు అప్పాజీ.

సూర్యకళ చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏదైనా ముందు అడగాలండి," అంది.