మూడో ట్రాకులో చిట్టియ్య

2004 ఆగస్టు పద్నాలుగు, శనివారం. ఉదయం ఏడూ పదికి ధవళేశ్వరంలో పేర్రాజు గదిలోంచి ముగ్గురు మగవాళ్ళ మాటలు వినిపించాయి. గదిలో ఉన్నది పేర్రాజు ఒక్కడే.

పేర్రాజు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు రోజుల్లో బుర్రకథ చెప్పాడు. బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కుడి పక్క వెంకన్న లోకం సంగతులు మాట్లాడేవాడు. ఎడమ పక్క చిట్టియ్య నవ్వించేవాడు. వెంకన్న కిందటేడు పోయాడు. చిట్టియ్య కడియంలో ఉన్నాడు, పది కిలోమీటర్లు లేదు. కానీ మాటల్లేవు.

రెండేళ్ళ క్రితం పెనుగొండలో వరద కథ చెబుతున్నారు. ఇంటికప్పు మీద చిక్కుకున్న ముసలామె, ఒళ్ళో మేకను పెట్టుకుని, "నన్నొదిలేసి దీన్ని పడవెక్కించండి బాబూ" అనే చోటికి వచ్చారు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. "మేకేమందంటావు?" అన్నాడు చిట్టియ్య. జనం విరగబడి నవ్వారు. "దిగరా కిందికి" అన్నాడు పేర్రాజు. మైకు ఆన్‌లో ఉంది. చిట్టియ్య దిగాడు.

పేర్రాజు భార్య పోయి ఆరేళ్ళయింది. వెంకన్న కూడా పోయాక అతను రోజు మొత్తం మీద మాట్లాడేది పాలాయనతోనే. అదీ ఒక్క మాట. "అరలీటరు."

అలాంటి రోజుల్లో రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు తమ పాత హార్డ్ డిస్కు రికార్డరు అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళి తెచ్చుకున్నాడు. దానికి క్యాసెట్టు లేదు, టేపు లేదు. ఎనిమిది ట్రాకులున్నాయి. ఒక ట్రాకు మీద పాడి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ రెండో దాని మీద పాడొచ్చు. చివరికి అన్నీ కలిపి వినొచ్చు. కీబోర్డు వాయించే శివరామకృష్ణ ఇదంతా ఓపిగ్గా చూపించి, బటన్ల పక్కన తెలుగులో చీటీలు అంటించాడు. "వాడుకోవాలే గానీ పెద్దాయనా, దీంతో ఒక్కరే కచేరీ చేసెయ్యొచ్చండి" అన్నాడు.

పేర్రాజు ఆ మాట పట్టుకున్నాడు. మూడు నెలలు ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి కూర్చున్నాడు. మొదటి ట్రాకులో కథ చెప్పాడు, వంతలకు ఖాళీలు వదిలాడు. రెండో ట్రాకులో వెంకన్నలా గొంతు బరువు చేసి తందాన తాన అన్నాడు. మూడోదే కుదరలేదు. చిట్టియ్య ఎప్పుడు అడ్డొస్తాడో చిట్టియ్యకే తెలియదు. ఖాళీ వదిలి దాంట్లో మాట్లాడితే అది అడ్డురావడం కాదు, పిలిస్తే పలకడం. ఖాళీ లేనిచోట దూరడం నేర్చుకోవడానికి పేర్రాజుకు నెలన్నర పట్టింది.

ఆ శనివారం మూడు ట్రాకులూ కలిపి మొదటిసారి స్పీకర్లలో పెట్టుకుని విని, తప్పులు సరిచేసి, పదింటికి కూరలకు వెళ్ళాలనుకున్నాడు.

"నీళ్ళు గుమ్మం దాకా వచ్చేశాయి" అన్నాడు రికార్డరు పెట్టెలో కథకుడు.

"వచ్చినవాళ్ళకి మంచినీళ్ళయినా ఇచ్చారా?" అన్నాడు పెట్టెలో చిట్టియ్య.

పేర్రాజు నవ్వాడు. తలుపు చప్పుడైంది. పెట్టె కట్టేసి తలుపు తీశాడు.

ఇల్లుగలావిడ అప్పాయమ్మ. కిందటి నెల ఆవిడే వచ్చి, "మీలో మీరే మాట్లాడుకుంటున్నారంటండి, పాలాయన చెప్పాడు. ఒకసారి డాక్టరు గారికి చూపించుకోకూడదా అండి?" అని వెళ్ళింది.

"చుట్టాలొచ్చారాండి? చెప్పలేదేంటండి!"

ముగ్గురి గొంతుల్లోనూ మాట్లాడింది తనేనని చెప్పాలి. పేర్రాజుకు డాక్టరు గుర్తొచ్చాడు.

"ఆయ్, వచ్చారండి."

"ఎవరండీ?"

"కొత్త వంతలండి. సామర్లకోట వాళ్ళు."

"ఏరీ మరి?"

"స్నానానికి గోదారికెళ్ళారండి."

"ఇప్పుడే కదండీ మాట్లాడారు!"

"పెరటి గుమ్మంలోంచి వెళ్ళారండి."

అరగంటలో తొమ్మిది పెసరట్లు వచ్చాయి, అల్లప్పచ్చడితో. మనిషికి మూడు. వెనక్కి పంపితే ఆవిడ నొచ్చుకుంటుంది. పేర్రాజు తొమ్మిదీ తిన్నాడు. ప్లేట్ల కోసం వచ్చి అప్పాయమ్మ గుమ్మం వైపు చూసింది.

"ఒక్క జత చెప్పులే ఉన్నాయేంటండి?"

"తిని మళ్ళీ బయటికెళ్ళారండి, వేసుకెళ్ళారు."

"బాగానే తిన్నారు పాపం. మధ్యాహ్నానికి కూడా నేనే పంపుతాలెండి."

ఆవిడ వెళ్ళగానే పేర్రాజు మంచం కింద నుంచి ఆఫీసు బూట్లు తీసి గుమ్మం ముందు పెట్టాడు. వాటి పక్కన బాత్రూం చెప్పులు పెట్టాడు. కాస్త దూరం జరిగి చూశాడు. ఇంట్లో ముగ్గురున్నట్టే ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఒంటిగంటకు క్యారేజీ వచ్చింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, ముగ్గురికి అన్నం. పేర్రాజు ఇద్దరిది తినగలిగాడు. మూడో మనిషిది పెరట్లోకి వచ్చిన ఆవుకు పెట్టి, మూడు కంచాలు కడిగాడు.

నాలుగింటికి వినాయక చవితి కమిటీ సెక్రటరీ గణేష్‌బాబు వచ్చాడు.

"గురువుగారూ, బుర్రకథ కంపెనీ మళ్ళీ కట్టారంట!"

"ఎవరన్నారు?"

"అప్పాయమ్మ గారు పాలాయనకి చెప్పారంట. పాలాయన ఎవరికి చెప్పలేదో అడగండి. చవితి మూడో రోజు ప్రోగ్రాం మీదేనండి. కరపత్రంలో పేర్లు వెయ్యాలి, చెప్పండి."

వరండాలో గోడకు కేలండరు ఉంది. దాని కింద ఉన్న షాపు పేరు పేర్రాజు కంట పడింది.

"కుడి వంత రత్నమాణిక్యం గారండి."

"ఎడం వంత?"

పేర్రాజుకు ఎన్నో పేర్లు తెలుసు. ఒక్కటీ నోటికి రాలేదు. "ఆయన పేరు వెయ్యకండి."

"అదేంటండి?"

"ఆయనకి సిగ్గండి."

"హాస్యం చెప్పేవాడికి సిగ్గేంటండి బాబూ!" అన్నాడు గణేష్‌బాబు. ఎడం వంత పేరు చోట చుక్కలు పెట్టుకుని వెళ్ళాడు. అటునుంచటే పందిరికి పూల మొక్కలు మాట్లాడటానికి కడియం నర్సరీకి వెళ్ళాడు. ఆ నర్సరీలో మొక్కలకు నీళ్ళు పెట్టేది చిట్టియ్య. "మీ చోట్లోకి సామర్లకోట నుంచి మనిషొచ్చాడంట కదండీ" అని అతనికి చెప్పాడు.

మర్నాడు మూడింటికి చిట్టియ్య బస్సు దిగి వచ్చాడు. రెండేళ్ళలో ముందు పళ్ళు రెండు పోయాయి.

"ఏడ్రా వాడు?"

"ఎవడు?"

"సామర్లకోటోడు. నా చోట్లో నిలబడ్డోడు. బయటికి రమ్మను."

"ఎవరూ లేరు."

"లేకపోతే ఈ చెప్పులెవడివి?" అని చిట్టియ్య వంగి చూశాడు. "మూడు జతలూ నీ కాలివే. ఈ బూట్లు నీ రిటైర్మెంటు రోజున నేనే తుడిచాను. ఏంట్రా ఇదంతా?"

పేర్రాజు అతని చెయ్యి పట్టుకున్నాడు. లోపలికి తీసుకెళ్ళి బటన్ నొక్కాడు. నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చారా అని పెట్టె అడిగింది. చిట్టియ్య మంచం అంచున కూర్చున్నాడు.

"ఇది నేను" అన్నాడు. "నాకు చెప్పకుండా నా గొంతు ఎప్పుడు పట్టావురా?"

"పట్టలేదు."

"ఈ మంచినీళ్ళ మాట ఏ ఊళ్ళో అన్నాను?"

"ఎక్కడా అనలేదు. మొన్న మంగళవారం నేను రాశాను."

"నేను అనని మాట నా గొంతులో ఎలా ఉంది?"

"నేనన్నాను."

"నువ్వా? నువ్వు జన్మలో ఒకణ్ణి నవ్వించిన పాపాన పోలేదు."

"ముప్ఫై ఏళ్ళు నా ఎడం చెవిలోనే కదరా మాట్లాడావు."

కథ నడుస్తోంది. ముసలామె ఇంటికప్పు ఎక్కింది. చిట్టియ్య లేవబోయాడు. పేర్రాజు ఆపలేదు, పెట్టెనూ ఆపలేదు. నన్నొదిలేసి దీన్ని పడవెక్కించండి బాబూ, అంది ముసలామె.

"మేకేమందంటావు?" అంది పెట్టె.

చిట్టియ్య మళ్ళీ కూర్చున్నాడు. "ఉంచావేంటి?"

"తీసేసి చూశాను. కథ అక్కడ పడిపోతోంది."

పెట్టెలో కథ చివరికొచ్చింది. తర్వాత చిట్టియ్య హెడ్‌ఫోన్లు అడిగి తీసుకున్నాడు. నాలుగో ట్రాకు మీద తన భాగం చెప్పాడు. రెండుచోట్ల ఆలస్యమయ్యాడు. పళ్ళ సందులోంచి గాలి పోయింది. మూడో ట్రాకు, నాలుగో ట్రాకు ఒకదాని తర్వాత ఒకటి విన్నారు.

"నీదే ఉంచు" అన్నాడు చిట్టియ్య. "అది నేను. ఇదెవడో ముసలాడు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఐదున్నరకి బస్సుంది."

పేర్రాజు మూడో ట్రాకు ఎంచి ఎర్ర బటన్ నొక్కాడు. తెర మీద ఇంగ్లీషులో ప్రశ్న వచ్చింది. పక్కన శివరామకృష్ణ చీటీ ఉంది: "అవునంటే పోయినట్టే, మళ్ళీ ఆలోచించుకోండి." పేర్రాజు అవును నొక్కాడు.

"ఏం నొక్కావు?"

"చెరిపేశాను."

"నాదా?"

"నాది."

"బుద్ధుందా నీకు? నెలన్నర పని! చవితికి ఎవణ్ణి నిలబెడతావు?"

"ఎడం వంత పేరుకి చుక్కలు పెట్టి వెళ్ళాడు గణేష్‌బాబు."

చిట్టియ్య పెట్టె వైపు చూశాడు. "వెంకన్నో?"

"రెండో ట్రాకులో ఉన్నాడు."

"వాడికైనా ఉంచావు చోటు." చిట్టియ్య గుమ్మం దాకా వెళ్ళాడు. వీధి చూశాడు. వెనక్కి తిరిగాడు. "ఆలస్యమైన చోట్లు ఎక్కడెక్కడన్నావు?"

"నేనేమీ అనలేదు."

"అనకపోతే మొదట్నుంచీ పెట్టు."

కడియం బస్సు ఐదూ ముప్ఫై అయిదుకు కదిలింది. చిట్టియ్య అందులో లేడు.